అన్నయ్య చేసిన విల్లో కాలు

మా అన్నయ్యకి ఏ వస్తువు కనపడినా వేలి కణుపుతో కొట్టి చూసే అలవాటు. తలుపైతే తలుపు, బల్లైతే బల్ల. కూరగాయలకి పంపితే బజార్లో ఉన్న గుమ్మడికాయలన్నీ వరసపెట్టి కొట్టి, చెవి ఆనించి విని, చివరికి ఒక్కటీ కొనకుండా చేతులూపుకుంటూ వచ్చేవాడు. ఏమైందని అడిగితే, ఏదీ సరిగ్గా పలకలేదనేవాడు. వండుకు తినే కాయ పలకడమేమిటని వదిన నెత్తి బాదుకునేది. వదిన వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా కూర్చోమన్న కుర్చీని కొట్టి చూస్తూ, ఎదురుగా నిలబడ్డ పిల్లని పట్టించుకోలేదని మా అమ్మ పోయేదాకా చెప్పి నవ్వేది. వీధిలో అందరూ టకటక మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిస్తే పలికేవాడో లేదో నాకు అనుమానమే.

మేస్త్రి అన్నారు గానీ అన్నయ్య చేసేవి మంచాలూ కుర్చీలూ కావు, వాయిద్యాలు. వయొలిన్లు, ఒళ్ళో పెట్టుకుని తీగలు మీటి వాయించే చిన్న హార్ప్‌లు. మా ఇంటి ముందు గదులు రెండూ తన కార్ఖానాయే. మొదటి గదిలో కిటికీ కింద పనిబల్ల, గోడకి వేలాడే ఉలులు, మూలన చిన్న పొయ్యి మీద ఎప్పుడూ వెచ్చగా ఉండే జిగురు గిన్నె. రెండో గదిలో వదిన పాలిష్ వేసేది. ఇల్లంతా ఎప్పుడూ ఒకటే వాసన. మా అన్నం కూడా ఆ వాసనే వేసేదంటే నమ్మండి.

వయొలిన్‌కి పైన కనపడే చెక్కలు వేరు. లోపల మూలల్లో దన్నుగా పెట్టే దిమ్మలూ, అంచుల వెంట అంటించే సన్నటి పట్టీలూ విల్లో చెక్కతో చేస్తాడు. హార్ప్ పొట్టయితే మొత్తం విల్లోయే. ఒకే దిమ్మని లోపలంతా తొలిచి డొల్ల చేయాలి. విల్లో అనగానే అందరికీ క్రికెట్ బ్యాటే గుర్తొస్తుంది. బంతి ఎంత గట్టిగా తగిలినా సొట్ట పడుతుంది గానీ అంత తొందరగా పగలదు, అందుకే బ్యాటుకి వాడతారు. అన్నయ్యకి మాత్రం దాని తేలికదనమంటే ప్రాణం. ఎండిన విల్లో దిమ్మని ఎవరి చేతిలోనైనా పెట్టి, వాళ్ళు ఆశ్చర్యపోతే తనే కన్నంత సంబరపడేవాడు. మెత్తటి చెక్క కాబట్టి ఉలి ఏ కాస్త మొద్దుబారినా తెగదు, నూగు లేస్తుంది. అందుకని రోజులో సగం సానపట్టడానికే పోయేది.

డొల్ల చేసేటప్పుడు గోడ ఎంత పల్చగా ఉండాలో కొలబద్ద చెప్పదట. ఒక్కో దిమ్మది ఒక్కో తీరు. కొంచెం తొలవాలి, కణుపుతో కొట్టాలి, చెవి పెట్టి వినాలి. మందంగా ఉన్నంతసేపూ అది మొద్దులాగే ఉంటుంది. తొలవగా తొలవగా ఒకచోట ఉన్నట్టుండి పలుకుతుంది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకా తొలిస్తే బలం పోతుంది. ఆ ఆపడం తెలియడమే తన విద్య అంతా అనేవాడు.

ఇక నా సంగతి. అన్నయ్య చప్పుడు పుట్టించడానికి తంటాలు పడితే నేను చప్పుడు పుట్టకుండా చూడ్డానికి జీతం తీసుకునేదాన్ని. భర్త పోయాక అన్నయ్య దగ్గరికే వచ్చేశాను. పక్క వీధిలో, పనులకెళ్ళే తల్లులు పసిపిల్లల్ని వదిలి వెళ్ళే బడి ఒకటుంది. అందులో మేడ మీద నిద్రగది నాది. నాదంటే రాసిచ్చారని కాదు, అక్కడ నా మాటే చెల్లేది. చెక్క నేల, రెండు వరసల తొట్టిమంచాలు, నీలం కర్టెన్లు. పాలు తాగి వచ్చినవాళ్ళని ఒక్కొక్కర్నీ జోకొట్టడం, ఒకరు పడుకునేసరికి ఇంకొకరు లేవకుండా ఆ మంచాల మధ్య తిరగడం నా పని. గొప్పలు పోతున్నానంటారు గానీ, ఆ నేలలో ఏ చెక్క కిర్రుమంటుందో కళ్ళు మూసుకున్నా నా కాళ్ళకి తెలుసు. నాకు పిల్లలు లేరు. మధ్యాహ్నం పూట ఆ గదిలో అందరూ నిద్రపోయి, ఊపిర్లు తప్ప ఇంకేమీ వినపడని ఆ కాసేపు నాకు ఎంత సుఖంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరికి అర్థమవుతుంది?

అది కాస్తా ఒక సెలవురోజున పోయింది.

ఆ రోజు విల్లో దుంగలు వేసుకుని బండి వచ్చింది. ఎండిన విల్లో ఎంత తేలికో పచ్చిది అంత బరువు, ఒళ్ళంతా నీళ్ళే. బండికి బల్లలు వాలుగా ఆనించి, వాటి మీదుగా దుంగల్ని తాడు కట్టి దింపుతారు. తాడు ఒక కొస పైన బండివాడి చేతిలో ఉంది. రెండో కొసని అన్నయ్య గేటు స్తంభానికి ఒక చుట్టు చుట్టి ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతిని ఊరికే ఉంచుతాడా, అప్పటికే దిగిన దుంగని కొట్టి చూస్తున్నాడు. నేను ఇద్దరికీ మంచినీళ్ళు తీసుకుని వస్తున్నాను. పైన తాడు బండివాడి పట్టు జారింది. తాడు బిగించమని అతను వీధి అదిరేలా అరిచాడు. నేను విన్నాను. లోపల పాలిష్ వేస్తున్న వదిన వింది. ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. అన్నయ్య తల ఎత్తలేదు. దుంగ దొర్లుకుంటూ నా మీదికి వచ్చింది.

కుడి మడమ నుజ్జయిపోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు చూశారు. చీము పైకి పాకుతోందని చివరికి మోకాలి కింద తీసేశారు.

నాకు తెలివి వచ్చాక అన్నయ్య మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, "ఆ దరిద్రుడు ఒక్క కేక వేసుంటే పట్టేసేవాణ్ణి చిట్టీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కేక విన్నవాళ్ళు సగం వీధి ఉన్నారు. పరధ్యానంలో ఉన్నాను, నాదే తప్పు అని ఒక్క ముక్క అనుంటే అక్కడితో పోయేది. నేనేం తన మీద కేసు పెడతానా? సొంత చెల్లెలి కాలు పోయి పడుంటే, దాని ముందు కూర్చుని తప్పు పక్కవాడి మీదికి తోసేస్తున్నాడనుకున్నాను. పైగా అదే మాట కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఆ బండి పంపిన కలప డిపోకి పనిగట్టుకుని వెళ్ళి మరీ చెప్పొచ్చాడు. బండివాడు ఎంత మొత్తుకున్నా, కాలు పోయినదాని అన్న మాటే నెగ్గింది. అతన్ని పనిలోంచి తీసేశారు. బాధలో ఏదో అంటున్నాడు, నువ్వు మాత్రం కాదనకని వదిన నా చేతులు పట్టుకుంది. కాదనలేదు, కానీ మనసులో పెట్టుకున్నాను. నేను దేన్నైనా తొందరగా మర్చిపోయే రకం కాదు.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాలు ఇనపదీ తోలుదీ కలిపి చేసింది. తొడ దాకా పట్టీలు, మోకాలికి రెండు పక్కలా ఇనప మడతలు. అడుగేస్తే పాత గేటు తీసినట్టు కిర్రుమనేది. సాయంత్రానికి మొండి దగ్గర చర్మం లేచి రక్తం వచ్చేది. అయినా ఈడ్చుకుంటూ బడికి వెళ్ళి పెద్ద టీచరుగారిని కలిశాను. ఆవిడ మంచి మనిషి. నిద్రగదిలో ప్రస్తుతానికి వేరే ఆయాని పెట్టాననీ, చప్పుడు లేకుండా నడవగలిగిన రోజున వచ్చెయ్యమనీ, నా గది నాకే ఇస్తాననీ అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. వదిన అదే మాట అన్నయ్యకి గట్టిగా మళ్ళీ చెప్పింది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పడం మా ఇంట్లో అప్పటికే మామూలైపోయింది. మొగుళ్ళకి పెళ్ళాల మాట మొదటిసారి వినపడడం ఎక్కడైనా చూశావా అని వదిన అనేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఎన్నేళ్ళు నవ్వుకున్నామో.

మర్నాడు అన్నయ్య చేతిలో ఉన్న హార్ప్ పని పక్కన పడేశాడు. "విల్లోతో చేస్తాను. పిల్లిలా నడుస్తావు, చూడు" అన్నాడు. పూర్వం కర్రకాళ్ళు విల్లోతోనే చేసేవాళ్ళని తన గురువు చెప్పాడట. ఆ చెక్క తేలిక, నడకలో పడే దెబ్బలకి తొందరగా చీలదు. నా మొండి చూడ్డానికి వదినే మొదట్లో భయపడేది. అన్నయ్య దాని చుట్టూ ప్లాస్టర్ ముద్ద పూసి అచ్చు తీశాడు. ఎక్కడ నొప్పి, ఎక్కడ ఎముక తగులుతోందని వేళ్ళతో తడుముతూ అడిగేవాడు. అడిగి, నేను జవాబు చెప్పేటప్పుడు నా మొహం మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. అంత శ్రద్ధ అనుకున్నాను. కోపం కొంచెం మెత్తబడింది గానీ పోలేదు.

ఎప్పటినుంచో ఎండబెట్టి, మంచి హార్ప్ కోసం దాచుకున్న దిమ్మని బయటికి తీశాడు. నిలువునా రెండు సగాలుగా కోసి, ఒక్కో సగాన్ని తొలవడం మొదలుపెట్టాడు. నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. "హార్ప్‌ని పలికేదాకా తొలుస్తాం. కాలిని పలకబోయే ముందు ఆపెయ్యాలి. ఎంత తొలిస్తే నీకు అంత తేలిక. కానీ పలికిందా, నీ పిల్లలు లేచి కూర్చుంటారు. సరిగ్గా ఆ అంచు మీద ఆపుతాను" అని చెప్పాడు. కొంచెం తొలిచేవాడు, కణుపుతో కొట్టేవాడు, చెవి ఆనించేవాడు, చెంప కూడా ఆనించేవాడు. ఇంకా మొద్దే అని మళ్ళీ ఉలి తీసేవాడు. కాళ్ళ దగ్గర పొట్టు కుప్పలు పడింది. చాలేమోనని వదిన గుమ్మంలోంచి ఒకసారి అంది. అన్నయ్య వెనక్కి తిరగలేదు. మాకైతే రెండు సగాలూ విడిగా ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. చెక్క సంగతి తనకి తెలిసినట్టు మాకెలా తెలుస్తుంది?

రెండు సగాల్నీ జిగురుతో అతికించి, పైన నా మొండికి సరిపోయే గిన్నెలాంటి పీఠం, కింద పాదం బిగించాడు. తడిపిన పచ్చితోలు చుట్టి కుట్టాడు. అది ఎండి చెక్కని పట్టుకుని బిగుసుకుపోయింది. దాని మీద వదిన పాలిష్ వేసింది. కోటు మీద కోటు, తన చేతిలో ఉన్న పనితనమంతా పెట్టింది. అంత అందమైన కాలు దేవుడు ఇచ్చినవాటిలో కూడా నేను చూడలేదు.

తయారైన రోజున ముందు గదిలో చాపలు తీయించి, ఉత్త నేల మీద నడవమన్నాడు. తొడుక్కున్నాను. మొదట నాకు తెలిసింది తేలిక ఒక్కటే. నెలల తరబడి ఇనుము మోసిన దాన్ని, ఆ తేలికకి నాకు ఏడుపొచ్చేసింది. నిద్రగది కళ్ళ ముందు కనపడింది. ఒక అడుగు వేశాను.

మడమ నేలకి తగలగానే కాలు మోగింది. చిన్నగా కాదు. ఖాళీ పెట్టెని కర్రతో కొట్టినంత మోత, దాని వెనక ఇంకాసేపు సాగే గుంయిమన్న రొద. నేను ఆగిపోయాను. రెండో గదిలోంచి వదిన బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చి ఏం పడిందని అడిగింది.

అన్నయ్య నవ్వుతున్నాడు. ఆగావేం, నడువు అన్నాడు.

తన వేళాకోళాలు నాకు కొత్త కాదు. నన్ను ఏడిపిస్తున్నాడనుకుని నవ్వాను కూడా. ఇంకో అడుగు, ఇంకో అడుగు వేశాను. గది అంతా మోగింది. అన్నయ్య కళ్ళు మూసుకుని, కొంచెం ముందుకి వంగి వింటున్నాడు. ఆ మొహం నాకు తెలుసు. చెక్కకి చెవి పెట్టినప్పుడు ఉండే మొహం. ఆ మొహంతో మా అన్నయ్య ఎన్నడూ వేళాకోళం ఆడలేదు. కళ్ళు తెరిచి వదినతో గర్వంగా, "మూగది. నా జన్మలో ఇంత మూగ చెక్క చెక్కలేదు" అన్నాడు.

వదిన బ్రష్షులోంచి పాలిష్ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. తను నా వంక చూసింది. నేను తన వంక చూశాను.

అన్నయ్య అబద్ధం చెప్పలేదు. ఆ రోజు వీధంతా విన్న కేక తనకి నిజంగానే వినపడలేదు. ఇంతకాలం కూడబెట్టుకున్న కోపమంతా అక్కడే, ఆ నేల మీద నిలబడి ఉండగానే నీరైపోయింది. దాని బదులు వచ్చింది మాత్రం కోపం కంటే చాలా బరువుగా ఉంది. బాగుంది అన్నయ్యా అన్నాను. తను నా పెదాల వంక చూసి తలూపాడు.

వినపడడం లేదని ఆ మనిషికే తెలియదా అని తర్వాత ఒకరిద్దరు అడిగారు. తెలియదు. చెవి ఒక్కసారి పోతే తెలుస్తుంది. కొద్దికొద్దిగా పోతే, ఎదుటివాళ్ళే గొణుగుతున్నారని విసుగొస్తుంది, అంతే. అన్నయ్య అందరినీ గొణుగుతారని తిట్టేవాడు. పెదాలు చూసి మాట పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకున్నాడో తనకే తెలిసుండదు.

ఆ సాయంత్రం వంటగదిలో వదిన పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. ఏడాదిగా హార్ప్‌లు పొట్ట దగ్గర పగిలి వెనక్కి వస్తున్నాయనీ, అన్నయ్య కలప మంచిది కాదని డిపోవాళ్ళని తిడుతున్నాడనీ చెప్పింది. ఎందుకు పగులుతున్నాయో మా ఇద్దరికీ ఇప్పుడు తెలిసింది. చెక్క ఎప్పుడో పలికి ఉంటుంది, తనకి వినపడేదాకా తొలుచుకుంటూ పోయుంటాడు. రేపు పొద్దున చెప్పేద్దామన్నాను. డాక్టరుకి చూపిద్దామన్నాను.

వదిన తల అడ్డంగా ఊపింది. "చెవులు పోయాయంటే ఏడ్చి ఊరుకుంటాడు. తర్వాత ఆ కేక గుర్తొస్తుంది. నీ కాలు పోయింది తన వల్లేనని తెలిశాక ఇంక మనిషి మిగలడు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు."

నేను చెప్పనన్నాను. అప్పటికి అది నాకు పెద్ద పనిగా కనపడలేదు.

ఆ కాలితోనే బడికి వెళ్ళాను. మడమ కింద దుప్పటి ముక్క అంటించుకున్నాను. లాభం లేదు. మోత మడమలో లేదు, డొల్లలో ఉంది. నిద్రగదిలో మంచాల మధ్యకి వెళ్ళేలోపే ముగ్గురు లేచారు. పెద్ద టీచరుగారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ మొహం చూసి నేనే బయటికి వచ్చేశాను. కింద రాతినేల గదిలో పిల్లల గుడ్డలు ఉతికే పని ఉంది, చేస్తావా అని అడిగారు. చేస్తానన్నాను. వేరే ఎవరి దగ్గరైనా ఇంకో కాలు చేయించుకోవచ్చు కదా అంటారు. చేయించుకుని ఎక్కడ దాచను? అన్నయ్య రోజూ సాయంత్రం ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, తోలు సడలిందేమోనని తడిమి చూసేవాడు.

తడిమి చూసి అడిగేవాడు, ఇవాళ ఎవరైనా లేచారా అని. ఒక్కరూ లేవలేదనేదాన్ని. ఆ ఒక్క మాట కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూస్తాడని వదిన చెప్పేది. వయొలిన్ కోసం వచ్చినవాళ్ళకి పని సంగతి మానేసి నా కాలు సంగతి చెప్పేవాడు. తను చేసినవాటిలో అదే గొప్పదట. కచేరీల్లో మోగే వాయిద్యం ఎవడైనా చేస్తాడు గానీ, పసిపిల్లలు నిద్రపోయే గదిలో తిరిగే చెక్కని చేయడం మాటలు కాదనేవాడు. నేను పక్క గదిలో ఉండి వినేదాన్ని. తన గొంతు ఎంత పెద్దదైపోయిందో అప్పుడు గమనించాను.

గుడ్డల గది సరిగ్గా నిద్రగది కిందే. పైన ఎవరైనా ఏడిస్తే నాకు వినపడేది. గొంతుని బట్టి అది ఎవరో తెలుసు. భుజాన వేసుకుని వీపు నిమిరితే ఆగుతుందో, బోర్లా పడుకోబెట్టి జోకొడితే ఆగుతుందో తెలుసు. నేను తడిగుడ్డలు పిండుతూ నిలబడేదాన్ని. కొత్త ఆయా మంచి పిల్లే, కానీ ఓపిక తక్కువ. ఏడుపు అలా సాగుతూంటే నా చేతులు ఆగిపోయేవి.

ఒకరోజు బజార్లో బండివాడు ఎదురయ్యాడు. మూటలు మోస్తున్నాడు. తప్పుకుని పోబోతే నేనే ఆపాను. "నేను అరిచానమ్మా. మీరు విన్నారు కదా" అన్నాడు. విన్నానన్నాను. ఆ మాట డిపోవాళ్ళకి చెప్పమని అడిగాడు. మర్నాడే వెళ్ళి చెప్పాను. అతను అరిచాడనీ, తాడు జారడం ఎవరి చేతుల్లోనైనా జరిగేదేననీ చెప్పి, ఈ మాట మా ఇంటిదాకా రానివ్వద్దని బతిమాలాను. అతన్ని మళ్ళీ పనిలో పెట్టుకున్నారు, మా వీధికి మాత్రం పంపకుండా. ఒక అన్యాయం సర్దాను కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి బయటపడింది తొట్టిమంచం వల్ల. నిద్రగదిలో ఒక మంచానికి పక్కకర్ర ఊడింది. పెద్ద టీచరుగారికి మా ఇంటి సంగతులు ఏం తెలుసు? ఇంత దగ్గర్లో చెక్కపని మనిషి ఉండగా వేరేవాళ్ళు ఎందుకని అన్నయ్యకి కబురు పంపారు. నాకు చెప్పాలని ఆవిడకి తోచలేదు. అన్నయ్య ఉబ్బితబ్బిబ్బై, మంచి చొక్కా వేసుకుని, పనిముట్ల సంచీతో కావాలనే పిల్లలు పడుకునే వేళకి వచ్చాడు. నేను వాళ్ళ మధ్య నడుస్తుంటే కళ్ళారా చూడాలని.

కొత్త ఆయా కిందికి వచ్చి, మీ అన్నయ్యగారు పైన నిద్రగదిలో మీకోసం చూస్తున్నారని చెప్పింది. చేతిలో గుడ్డ బకెట్లో పడేసి బయల్దేరాను. నేను గుడ్డలు ఉతుకుతున్నానని ఆ పిల్ల చెప్పేసిందేమో, చెప్పకపోతే ఏదో ఒకటి అల్లెయ్యొచ్చు, త్వరగా పైకి చేరాలి. ఆ తొందరలో నేను ఏ కాలితో ఎక్కుతున్నానో కూడా మర్చిపోయాను. అవి చెక్క మెట్లు.

నేను ఇంకా మెట్ల మీద ఉండగా పైన ఏం జరిగిందో ఆ పిల్ల తర్వాత చెప్పింది. అన్నయ్య మంచాల మధ్య నిలబడి నిద్రపోతున్న పిల్లల్ని చూస్తున్నాడట. గుమ్మం పక్కన పడుకున్నవాడు కళ్ళు తెరిచాడు. పక్క మంచంలో పాప ఉలిక్కిపడి లేచింది. ఆ పక్కవాడు, ఆ పక్కవాడు. వరసంతా ఒక్కొక్కరే లేచి తలుపు వైపు తిరుగుతున్నారు. అన్నయ్య కూడా తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. పిల్లలు మాత్రం అటే చూస్తున్నారు. అప్పుడు నేను గుమ్మంలోకి వచ్చాను.

నన్ను చూశాడు. పిల్లల్ని చూశాడు. ఏడుపులు తనకి ఏ మాత్రం వినపడ్డాయో నాకు తెలియదు. తెరుచుకున్న నోళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"ఇటు రా చిట్టీ" అన్నాడు.

వెళ్ళాను. తను నా వంక చూడలేదు, పిల్లల వంకే చూశాడు. నేను అడుగు వేసినప్పుడల్లా ఆ పసివాళ్ళ ఒళ్ళు ఎలా అదురుతున్నాయో చూశాడు. దగ్గరికి చేరాక నేల మీద కూర్చుని, నా కాలికి ఒక పక్క అరచెయ్యి ఆనించి, రెండో పక్క కణుపుతో కొట్టాడు. ఈసారి చెవి పెట్టలేదు. చెయ్యి అలాగే ఉంచి, అదురు ఆగేదాకా ఆగి, మళ్ళీ కొట్టాడు. ఎంత పల్చగా చేశానే అన్నాడు, నాతో కాదు.

లేచి నిలబడ్డాడు. తన మనసు వెనక్కి వెళ్తూండడం నాకు తెలుస్తూనే ఉంది. పగిలి వచ్చిన హార్ప్‌లు, ప్రతి మాటా రెండుసార్లు చెప్పే వదిన, నేను రోజూ చెప్పిన అబద్ధం. అక్కడ ఆగిపోతే బాగుండునని ఎంత మొక్కుకున్నానో. ఏదో ఒకటి మాట్లాడి ఆపాలని నోరు తెరిచాను.

"ఆ రోజు బండివాడు అరిచాడా?" అని అడిగాడు.

అరవలేదని చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. అన్ని నెలల నుంచీ సిద్ధంగా ఉన్నాను. కానీ నా పెదాలు కదిలేలోపే అన్నయ్య గోడ వైపు తిరిగిపోయాడు. నేనేం చెప్తానో కనపడకుండా, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మంచి చొక్కా భుజాల దగ్గర వదులైపోయి వేలాడుతోంది. ఆ వీపుతో అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"అరిచాడు అన్నయ్యా. నీకు వినపడలేదు. నీ తప్పు కాదు" అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను.

తను కదల్లేదు. తర్వాత బతికిన ఏళ్ళలో తను ఉలి పట్టనూ లేదు, ఆ మాట మళ్ళీ అడగనూ లేదు.

పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. దగ్గరున్న పాపని ఎత్తుకుని భుజాన వేసుకున్నాను. నడిస్తే మిగతావాళ్ళు ఇంకా బెదిరిపోతారని, నిలబడ్డ చోటే నిలబడి జోకొట్టాను.